పంపర పనస: మందులు వాడేవారి జాగ్రత్తలు, చేదు రాకుండా వాడుకునే పద్ధతులు

మీరు అడిగినవి నాలుగు విషయాలు. పెరట్లోని పంపర పనస చెట్టు ఈ ఏడు విరగకాసింది, చవితి పాలవెల్లికి కట్టగా మిగిలిన కాయలను ఎలా వాడుకోవాలి అన్నది మొదటిది. అరవై దాటిన మీ అమ్మగారు షుగరుకు, బీపీకి, కొలెస్ట్రాల్‌కు మాత్రలు వేసుకుంటున్నారు, ఆమెకు ఈ పండు పెట్టవచ్చా అన్నది రెండవది. రసం తీసి ఫ్రిజ్‌లో పెడితే కాసేపటికే చేదెక్కిపోతోంది, కారణమేమిటి అన్నది మూడవది. ఇది తింటే కొవ్వు కరుగుతుందని, షుగరు పోతుందని తిరుగుతున్న వీడియోలలో నిజమెంత అన్నది నాలుగవది. పోషకాహార సలహాలు ఇవ్వడం నా వృత్తి, పైగా గోదావరి జిల్లాలో ఇదే చెట్టు ఉన్న ఇంట్లో పెరిగాను కనుక కొంత వివరంగానే రాస్తున్నాను. ముందుగా అమ్మగారి సంగతి చెబుతాను, ఎందుకంటే మిగతా విషయాలలో పొరపాటు జరిగితే పండు వృథా అవుతుంది, ఇందులో జరిగితే మనిషికే ప్రమాదం.

పంపర పనస మంచి పండు. ఆ మాటలో నాకు సందేహం లేదు. అయితే కొన్ని రకాల మందులు వాడేవారికి ఇది పడదు, ఆ మందులలో మన ఇళ్ళలో రోజూ కనబడే మాత్రలు కూడా ఉన్నాయి. మనం మింగే మందులలో ఎన్నింటినో పేగు గోడలలోనూ కాలేయంలోనూ ఉండే సీవైపీ3ఏ4 అనే ఎంజైమ్ విరగ్గొడుతుంది. అటువంటి మందు కొంత భాగం రక్తంలోకి చేరకముందే పోతుందన్న లెక్కతోనే దాని మోతాదును నిర్ణయిస్తారు. పంపర పనసలో సహజంగా ఉండే ఫ్యూరనోకౌమరిన్లు అనే పదార్థాలు పేగులోని ఆ ఎంజైమ్‌ను పనికిరాకుండా చేస్తాయి. అప్పుడు మింగింది ఒక మాత్రే అయినా, కొన్ని మందుల విషయంలో రక్తంలోకి చేరేది అంతకు ఎన్నో రెట్లు కావచ్చు.

ఈ సంగతి బయటపడింది పంపర పనస వల్ల కాదు, దాని సంతతి అయిన గ్రేప్‌ఫ్రూట్ వల్ల. కెనడాకు చెందిన డేవిడ్ బెయిలీ బృందం ఫెలోడిపిన్ అనే బీపీ మందుకూ మద్యానికీ ఉన్న సంబంధాన్ని పరీక్షిస్తూ, మద్యం రుచి తెలియకుండా ఉండేందుకు గ్రేప్‌ఫ్రూట్ రసం కలిపి ఇచ్చింది. రక్తంలో మందు పాళ్ళు అనుకున్నదానికన్నా చాలా ఎక్కువగా రావడంతో, కారణం మద్యం కాదు, పండ్ల రసమని తేలింది. 1989లో వెలువడిన ఈ ఫలితం తరువాత గ్రేప్‌ఫ్రూట్‌తో పడని మందుల జాబితా పెరుగుతూ వచ్చింది. అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ ఇచ్చే హెచ్చరికలో గ్రేప్‌ఫ్రూట్‌తోపాటు పంపర పనస, పుల్ల నారింజ కూడా ఉన్నాయి.

ఇక్కడ ఈ జాతి పండ్ల చుట్టరికం కొంచెం తెలుసుకుంటే ఉపయోగం. నిమ్మ, నారింజ కుటుంబంలో తొలినాటి మూల జాతులు కొన్నే. పంపర పనస, కమలా జాతి, మాదీఫలం వాటిలో ముఖ్యమైనవి. నల్గొండ, అనంతపురం ప్రాంతాలలో తోటలుగా వేసే బత్తాయి, పుల్ల నారింజ రెండూ పంపర పనసకూ కమలా జాతికీ మధ్య జరిగిన సంకరాల నుంచి వచ్చినవే. పంపర పనసా తీపి నారింజా కలిసి వెస్టిండీస్‌లోని బార్బడోస్‌లో 18వ శతాబ్దంలో గ్రేప్‌ఫ్రూట్ పుట్టింది. ఫ్యూరనోకౌమరిన్లు పంపర పనస వైపు నుంచి గ్రేప్‌ఫ్రూట్‌కూ, పుల్ల నారింజకూ సంక్రమించాయి, కమలాలో, బత్తాయిలో అవి నామమాత్రం. అందువల్ల అమ్మగారికి మీరు బత్తాయి తొనలు పెడుతూ వచ్చి ఉంటే కంగారు పడనక్కరలేదు. బత్తాయి పడింది కదా అని పంపర పనస కూడా పడుతుందనుకోవడం మాత్రం సరికాదు.

ఇప్పుడు మాత్రల సంగతి. కొలెస్ట్రాల్ మాత్రలలో సిమ్వాస్టాటిన్ మీద ఈ ప్రభావం చాలా ఎక్కువ, అటోర్వాస్టాటిన్ మీద అంతకన్నా తక్కువే కాని లెక్కలోకి తీసుకోవలసినంత ఉంటుంది, రోసువాస్టాటిన్ మీద దాదాపు లేదు. స్టాటిన్లు అనే ఈ కొలెస్ట్రాల్ మందుల మోతాదు రక్తంలో పెరిగితే కండరాల నొప్పులు, నీరసం వస్తాయి, అరుదుగా కండరాలు దెబ్బతిని మూత్రపిండాల మీదికి వస్తుంది. బీపీ మాత్రలలో నిఫెడిపిన్, ఫెలోడిపిన్ విషయంలో బీపీ మరీ పడిపోయి కళ్ళు తిరగవచ్చు. మన దగ్గర ఎక్కువమంది వాడే ఆమ్లోడిపిన్ మీద ప్రభావం స్వల్పం, టెల్మిసార్టన్ ఈ దారిలో విరిగే మందు కాదు. షుగరుకు వాడే మెట్‌ఫార్మిన్ మారకుండానే మూత్రంలో పోతుంది కనుక దానికీ ఈ బెడద లేదు. మీ ఇంట్లో ఇంకెవరైనా గుండె లయ సరిచేసే అమియోడరోన్, మూర్ఛకు కార్బమజెపిన్, అవయవ మార్పిడి తరువాత టాక్రోలిమస్ లేదా సైక్లోస్పోరిన్ వాడుతుంటే వారికి ఈ పండు పెట్టకండి. స్టెంట్ వేయించుకున్నవారు వాడే క్లోపిడోగ్రెల్ విషయంలో కథ తిరగబడుతుంది. ఆ మందు శరీరంలోని ఎంజైమ్‌ల వల్లనే పనిచేసే రూపానికి మారాలి కనుక, వాటిని అడ్డుకుంటే మందు ప్రభావం తగ్గిపోతుంది.

చాలామంది అడిగే ప్రశ్న ఒకటి ఉంది: మాత్ర రాత్రి వేసుకుని పండు పొద్దున తింటే సరిపోదా? సరిపోదు. దెబ్బతిన్న ఎంజైమ్ మళ్ళీ బాగుపడదు, పేగు కొత్తగా తయారు చేసుకోవాలి. అందుకు ఒక రోజు పైనే పడుతుంది, పూర్తిగా కుదుటపడడానికి మూడు రోజుల దాకా పట్టవచ్చు. కాబట్టి గంటల ఎడం పాటించినంత మాత్రాన ప్రయోజనం లేదు. మరో సంగతి, పండు తినాలన్న కోరికతో మాత్ర మానేయడం ఎట్టి పరిస్థితులలోనూ చేయకూడదు. అమ్మగారి మాత్రల పేర్లన్నీ ఒక కాగితం మీద రాసుకుని డాక్టరుగారికి చూపించండి. పంపర పనస అంటే అందరు డాక్టర్లకూ తట్టకపోవచ్చు, పొమెలో అని, గ్రేప్‌ఫ్రూట్ జాతి పండు అని చెప్పండి. అవసరమనుకుంటే ఆయనే మందు మార్చి ఇస్తారు. ఆ మాట తేలేవరకు అమ్మగారికి బత్తాయో జామో పెట్టి, పంపర పనస మిగతావారు తినండి.

మందుల అడ్డు లేదని తేలితే, షుగరు ఉన్నవారు ఈ పండును నిరభ్యంతరంగా కొలతలో తినవచ్చు. వంద గ్రాముల తొనలలో పిండిపదార్థాలు తొమ్మిదిన్నర గ్రాముల చిల్లర, శక్తి 38 కేలరీలు, మిగతాది దాదాపు 89 శాతం నీరే. మధ్యరకం పండు ఒలిస్తే సుమారు 600 గ్రాముల గుజ్జు వస్తుంది. అంటే పండు మొత్తం ఒకేసారి తింటే 58 గ్రాముల పిండిపదార్థం లోపలికి పోతుంది, అది షుగరు ఉన్నవారికి ఎక్కువ. మూడు తొనలు, అంటే రమారమి 130 గ్రాములు, ఆ పూట తినే మరో పండుకు బదులుగా తింటే చాలు. రసం తీసి తాగవద్దు, తొన నమిలి తినండి. రసంలో పీచు పోతుంది, గ్లాసు నిండడానికి అరపండు ఖర్చవుతుంది, ఆ సంగతి తాగేవారికి తెలియదు.

మూత్రపిండాల జబ్బు ఉండి పొటాషియం తగ్గించమని డాక్టరు చెప్పినవారు మాత్రం జాగ్రత్త పడాలి. వంద గ్రాములకు 216 మిల్లీగ్రాముల చొప్పున మొత్తం పండులో దాదాపు 1,300 మిల్లీగ్రాముల పొటాషియం ఉంటుంది. ఆరోగ్యవంతులకు, ఈ మందులేవీ వాడని బీపీ ఉన్నవారికి ఇదే పొటాషియం మేలు చేస్తుంది, పైగా ఇందులో సోడియం లేనంత తక్కువ. కడుపులో మంట, పులితేన్పులు ఉన్నవారు పరగడుపున తినకుండా ఉంటే మంచిది.

ఇక లాభాల మాట. ఈ పండులో గట్టిగా చెప్పుకోవలసింది విటమిన్ సి. వంద గ్రాములకు 61 మిల్లీగ్రాములు ఉంటుంది. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2020లో సవరించిన సిఫార్సుల ప్రకారం పెద్దవారిలో పురుషులకు రోజుకు 80, స్త్రీలకు 65 మిల్లీగ్రాములు కావాలి. నేను చెప్పిన మూడు తొనలతో ఆ అవసరం దాదాపుగా తీరిపోతుంది. విటమిన్ సి ఒక్కటే లెక్క అయితే జామ దీనికన్నా ఎంతో ముందుంటుంది, చవక కూడాను, ఆ మాట దాచడం నాకు ఇష్టం లేదు. అయితే పెరట్లో చెట్టు నిండా పంపర పనసలు ఉన్నప్పుడు వాటిని వదిలి బజారుకు పరుగెత్తనక్కరలేదు.

ఈ విటమిన్ సి మన భోజనాలలో చేసే అసలు ఉపకారం ఇనుముకు సంబంధించినది. తోటకూర, రాగులు, పప్పులలో ఉండే ఇనుము మాంసంలోని ఇనుములా సులభంగా ఒంటబట్టదు. అదే భోజనంలో పుల్లని పండు ఉంటే పేగు దాన్ని మెరుగ్గా పీల్చుకుంటుంది. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో మన దేశంలో 15 నుంచి 49 ఏళ్ళ స్త్రీలలో 57 శాతం మందికి రక్తహీనత ఉన్నట్టు తేలింది. ఆంధ్రప్రదేశ్, తెలంగాణలలోనూ పరిస్థితి ఇంతకన్నా మెరుగ్గా లేదు. అందువల్ల ఎదిగే ఆడపిల్లలు ఉన్న ఇంట్లో ఈ పండును సాయంత్రం ఎప్పుడో విడిగా కాకుండా మధ్యాహ్నం అన్నంతోపాటు పెట్టమని నేను ప్రత్యేకంగా చెబుతుంటాను. భోజనం అయిన వెంటనే టీ తాగే అలవాటు ఉంటే దాన్ని ఓ గంట వెనక్కి జరపాలి, టీ ఇనుమును అడ్డుకుంటుంది.

మీరు చూసిన వీడియోల విషయం క్లుప్తంగా చెబుతాను. కొవ్వును కరిగించే పండు ఏదీ లేదు. పంపర పనసలో నీరు ఎక్కువ, కేలరీలు తక్కువ, తొనలు ఒలుచుకుని తినడానికి సమయం పడుతుంది. అందువల్ల సాయంత్రం పకోడీల స్థానంలో ఇది తింటే బరువు తగ్గడానికి తోడ్పడుతుంది. పకోడీలు తిన్న తరువాత ఇది కూడా తింటే తోడ్పడదు. దీనిలోని నారింజిన్ అనే చేదు పదార్థం కొలెస్ట్రాల్‌నూ షుగరునూ తగ్గిస్తుందన్న మాటకు ఆధారాలు చాలావరకు ప్రయోగశాల జంతువుల మీద చేసిన పరిశోధనలు, అందులోనూ విడిగా తీసి ఎక్కువ మోతాదులో ఇచ్చినవి. నాలుగు తొనలు తిని షుగరు మాత్ర మానేయవచ్చని చెప్పేవారి మాట దయచేసి నమ్మకండి. వానాకాలంలో పుల్లటి పండు తింటే జలుబు చేస్తుందన్న భయమూ నిలిచేది కాదు, జలుబు వైరస్ వల్ల వస్తుంది. అదే విధంగా విటమిన్ సి జలుబును రాకుండా ఆపుతుందన్న నమ్మకమూ నిలవలేదు, రోజూ తీసుకునేవారిలో జలుబు కొద్దిగా ముందు తగ్గుతుందన్నంత వరకే రుజువులు ఉన్నాయి. ముఖానికి తొక్క రుద్దుకోమని చెప్పే చిట్కా మాత్రం హానికరం. తొక్క నూనెలో కూడా ఫ్యూరనోకౌమరిన్లు ఉంటాయి, అవి చర్మం మీద ఉండగా ఎండ తగిలితే బొబ్బలు, నల్లమచ్చలు వస్తాయి.

ఇప్పుడు చేదు గురించి. ఈ పండులో చేదు రెండు రకాలు. ఒకటి నారింజిన్, అది తొనల మీది పొరలోనూ, తొక్క లోపలి తెల్లటి బెండులోనూ ఎక్కువగా ఉంటుంది, నోట్లో పెట్టుకోగానే తెలుస్తుంది. రెండవది లిమోనిన్, దాని తీరు వేరు. పండు చెక్కుచెదరకుండా ఉన్నప్పుడు అది చేదు లేని రూపంలో ఉంటుంది. తొనను నలిపి రసం తీయగానే రసంలోని పులుపుతో కలిసి మెల్లగా చేదు రూపంలోకి మారుతుంది. మీరు తీసిన రసం అప్పటికప్పుడు బాగానే ఉండి తరువాత చేదెక్కడానికి కారణం ఇదే. ఫ్రిజ్‌లో పెట్టినా, చక్కెర వేసినా ఆ మార్పు ఆగదు. మిక్సీలో వేస్తే పొరలు, గింజలు కూడా నలిగి రెండు చేదులూ ఒకేసారి దిగుతాయి. రసమే కావాలంటే పొర తీసిన గుజ్జును చేత్తో పిండి, వడగట్టి, అప్పుడే తాగేయాలి. నా ఉద్దేశంలో ఇది రసం తీయవలసిన పండు కాదు, గుజ్జును రసం నిండిన ముత్యాలుగా విడదీసి తినవలసిన పండు.

ఈ పండుకు మన దగ్గర చెడ్డపేరు రావడానికి మరొక కారణం పచ్చికాయ కోయడం. చెట్టుకు చలి చివరి రోజుల్లో పూత వస్తుంది, కాయ ముదరడానికి ఏడెనిమిది నెలలు పడుతుంది. భాద్రపద మాసపు గిరాకీ కోసం ముదరనివి కూడా కోసి బజారుకు తెస్తారు. పాలవెల్లికి అందంగా వేలాడితే చాలు, రుచి ఎవరూ చూడరు. నిమజ్జనం అయ్యాక ఎవరో ఒకరు కోసి చూసి, పులుపూ చేదూ కలిసి ముఖం చిట్లించి పారేస్తారు. మీకు పెరట్లోనే చెట్టు ఉంది కనుక తొందర లేదు. పాలవెల్లికి రెండు చాలు, మిగతావి చెట్టున ఉంచి కార్తీకం దాకా విడతలుగా కోసుకోవచ్చు. ముదిరిన కాయ ముదురాకుపచ్చ వదిలి పసుపు తిరుగుతుంది, తొక్క మీది నూనె గుంతలు విప్పారి నునుపుదేలుతాయి, చేతిలోకి తీసుకుంటే సైజుకు మించిన బరువు తెలుస్తుంది. పెద్దగా ఉండి తేలిగ్గా ఉన్నదానిలో బెండే ఎక్కువ. కోశాక వారం పది రోజులు నీడన గాలి తగిలేచోట ఉంచితే తొక్క కాస్త వాడి, పులుపు తగ్గి, తీపి తేలుతుంది. మందపు తొక్క వల్ల ఇన్ని రోజులు ఉన్నా లోపల చెడదు. అందుకే నవరాత్రులు పాలవెల్లికి వేలాడిన ముదురు కాయ కూడా నిక్షేపంగా పనికొస్తుంది, పసుపు కుంకుమలు పోయేలా కడిగి, దెబ్బ తగిలిన మచ్చలు లేవని చూసుకోవాలి.

ఒలవడంలోనే సగం రుచి ఉంది. ముచ్చిక వైపు బిళ్ళలా ఒక ముక్క కోసేయండి, లోపలి తొన తగలకూడదు. అక్కడి నుంచి అడుగు దాకా బెండు మందం మేర మాత్రమే కత్తి దిగేలా ఏడెనిమిది నిలువు గీతలు పెట్టి, బొటనవేలు దూర్చి రేకులుగా లాగండి. తొనల ముద్ద మీద అంటుకున్న తెల్లటి బెండును ఓపికగా గిల్లేయాలి. తరువాత పై నుంచి రెండు బొటనవేళ్ళతో రెండు చిప్పలుగా విడదీసి, తొనలు వేరు చేయండి. ఒక్కొక్క తొనకూ లోపలి సన్నని అంచున, అంటే గింజలు ఉండే వైపున, కత్తితో నిలువునా చీల్చి పొరను రెండు పక్కలకూ వెనక్కి విరిస్తే గుజ్జు పొర నుంచి ఊడి చేతిలోకి వస్తుంది. ఆ గుజ్జును వేళ్ళతో సుతారంగా విడదీస్తే పొడవాటి రసపు ముత్యాలు ఒక్కటి కూడా చిట్లకుండా రాలతాయి. బత్తాయితో ఇలా చేయలేము. పంపర పనసకు ఉన్న ఈ ఒక్క గుణం మీదే దాని వంటకాలన్నీ ఆధారపడ్డాయి. ఒలిచిన ముత్యాలు మూతపెట్టిన గిన్నెలో ఫ్రిజ్‌లో రెండు రోజులు ఉంటాయి, ఉప్పు మాత్రం తినబోయే ముందే కలపాలి, ముందే కలిపితే నీరు దిగిపోతుంది.

తేలికైనది ముత్యాల కలగలుపు. గిన్నెడు ముత్యాలకు రెండు చెంచాల పచ్చికొబ్బరి కోరు, గుప్పెడు వేయించి బరకగా దంచిన వేరుశనగ గుళ్ళు, సన్నగా తరిగిన ఒక పచ్చిమిరపకాయ, కొత్తిమీర, చిటికెడు వేయించిన జీలకర్ర పొడి, కొంచెం తురిమిన బెల్లం చాలు. థాయ్‌లాండ్‌లో యమ్ సొమ్ ఓ అనే పేరుతో చేసేది దీనికి దగ్గరిదే, వాళ్ళు ఎండురొయ్యలు, చేపల నుంచి తీసిన ఉప్పటి ద్రావకం, వేయించిన చిన్నఉల్లి వేస్తారు, వేరుశనగ, కొబ్బరి వాళ్ళకూ ఉన్నాయి. ఎండురొయ్యలు మన కోస్తా వంటింట్లో పరాయివి కావు కనుక నూనె లేకుండా వేయించి పొడి చేసి చల్లి చూడండి, పులుపుతో బాగా నప్పుతాయి. బంగ్లాదేశ్‌లో ఈ పండును జంబురా అంటారు, కాల్చిన ఎండుమిరప, ఉప్పు, పంచదార, కాస్త ఆవనూనె వేసి చేత్తో కలిపి తింటారు. మనకు ఆవనూనె ఘాటు అలవాటు లేకపోతే అర చెంచా ఆవపిండి వేసుకోవచ్చు.

పెరుగు పచ్చడి మా ఇంట్లో ఎక్కువగా చేసేది. కమ్మటి గట్టి పెరుగులో ఉప్పు కలిపి, ఆవాలు, మినప్పప్పు, ఎండుమిర్చి, ఇంగువ, కరివేపాకుతో వేసిన పోపు చల్లారాక కలిపి, విస్తట్లో వడ్డించబోయే ముందు ముత్యాలు జారవిడవాలి. ముందే వేస్తే పులుపుకు పెరుగు విరిగినట్టవుతుంది. వేడి పోపు ముత్యాల మీద పడితే అవి చిట్లి చేదెక్కుతాయి.

పులిహోర అనగానే అందరూ దబ్బకాయను తలుస్తారు. దబ్బకాయ వేరు, దాని రసం పులుపు వేరు, దాన్ని ఊరగాయకూ పులిహోరకూ రసంగానే వాడతాము. పంపర పనసతో చేసేటప్పుడు రసం పిండకండి. పావు కిలో బియ్యంతో పొడిపొడిగా వండిన అన్నాన్ని పళ్ళెంలో ఆరబోసి, పసుపు, ఉప్పు, శనగపప్పు, మినప్పప్పు, వేరుశనగలు, పచ్చిమిర్చి, అల్లం, ఇంగువ వేసిన పోపు కలిపి, అన్నం పూర్తిగా చల్లారాక అర పండు ముత్యాలు పైపైన కలపాలి. తింటున్నప్పుడు అక్కడక్కడా ముత్యం చిట్లి పులుపు తగులుతుంది. పండు మరీ తీయనిదైతే ఒక నిమ్మచెక్క పిండండి. అమెరికాలోనో సింగపూర్‌లోనో ఉన్న మీ బంధువులు చైనా దుకాణాలలో వలసంచుల్లో అమ్మే లేత పసుపు పండ్లతో చేస్తే ఈ నిమ్మచెక్క తప్పనిసరి, చైనీయుల కొత్త సంవత్సరానికి విరివిగా వచ్చే ఆ తేనె రకాలలో పులుపు తక్కువ. మన దగ్గర్లో బెంగళూరు పక్కన దేవనహళ్ళిలో పండే చకోత అనే పంపర పనస తీపికి ప్రసిద్ధి, దానికి భౌగోళిక గుర్తింపు కూడా ఉంది. ఎర్ర తొనలు ఉన్న రకం మీ చెట్టుదైతే కలగలుపుకు అదే మేలు, ఆ ఎరుపు లైకోపీన్ అనే వర్ణకం వల్ల వస్తుంది, కంటికీ ఇంపుగా ఉంటుంది.

చివరగా తొక్క. పండు బరువులో చాలా భాగం అదే, దాన్ని పారేయడం నాకు మనసొప్పదు. చైనాలోని గ్వాంగ్‌డాంగ్ ప్రాంతంలో ఈ తెల్లటి బెండును రోజుల తరబడి నీళ్ళలో నానబెట్టి, పిండి, రొయ్యల గుడ్లతో ఉడికించి కూరగా తింటారు. వియత్నాంలో ఉప్పునీటిలో పిసికి, ఉడికించి, కర్రపెండలం పిండి పట్టించి, పెసరపప్పు, కొబ్బరిపాలతో పాయసంలా చేస్తారు. మన ఇంటికి వీలైనది పాకం పట్టిన ముక్కలు. పైనున్న ఆకుపచ్చ పొరను పలచగా చెక్కేసి, బెండును వేలి మందాన ముక్కలు కోసి, ఉప్పునీటిలో ఒక రాత్రి నానబెట్టండి. మర్నాడు పిండి, కొత్త నీళ్ళలో మరిగించి, వార్చి, మళ్ళీ పిండాలి. నారింజిన్ వేడినీటిలో బాగా కరుగుతుంది కనుక చల్లటి నీటిలో ఎన్నిసార్లు కడిగినా రాని ఫలితం ఇలా మూడు నాలుగు మరుగులలో వస్తుంది. ముక్క కొరికి చూసి, చేదు నాలుకకు హాయిగా ఉన్నంత వరకు వచ్చాక, పిండిన ముక్కల తూకానికి సమానంగా పంచదార వేసి, కాసిని నీళ్ళతో సన్నటి సెగ మీద పాకం ఇంకేదాకా కలపండి. దింపబోయే ముందు నాలుగు యాలకులు పొడిచేసి వేయాలి. పళ్ళెంలో పరిచి ఒక రోజు ఆరనిస్తే పైన పంచదార తెల్లగా పేరుకుంటుంది, తడి తగలని గాజు సీసాలో వారాల తరబడి ఉంటాయి. బెల్లంతో చేస్తే రంగు ముదురుగా, ముక్క మెత్తగా వస్తుంది, అది త్వరగా వాడేసుకోవాలి. మందు చల్లిన బజారు కాయల తొక్కతో ఇది చేయవద్దు, మీ పెరటి కాయలతోనే చేయండి. ఫ్యూరనోకౌమరిన్లు తొక్కలోనూ ఉంటాయని పైన చెప్పాను కదా, ఈ మరుగులన్నీ అయ్యాక కూడా అవి పూర్తిగా పోయాయని చెప్పడానికి లేదు. పంచదార సంగతి సరేసరి. కనుక అమ్మగారి మాత్రల విషయం డాక్టరుగారు తేల్చేదాకా, పండుతోపాటు ఈ సీసా కూడా ఆమెకు అందించకండి.